సిరిసిల్లామె గంగాళం

రండి, ఈ చాప మీదికి ఇటు జరిగి కూర్చోండి. పొయ్యి మీద చాయ పెట్టాను, అది మరిగేలోపు మొదలుపెడతాను, చల్లారేలోపు అయితే అయిపోదు. చేతిలో పనుంటే చేసుకుంటూనే వినండి. నేను చెప్పబోయే మనిషి కూడా ఏనాడూ ఖాళీ చేతులతో ఒక మాట విన్నది కాదు.

ఆమె పేరు మా వాడలో చాలామందికి తెలియదు. కోరుట్లలో మా దగ్గర కోడళ్లను వాళ్లు పుట్టిన ఊరి పేరుతో పిలుస్తారు. రుద్రంగి నుంచి వస్తే రుద్రంగామె, జగిత్యాల నుంచి వస్తే జగిత్యాలామె. ఈమె సిరిసిల్ల నుంచి వచ్చింది కనుక సిరిసిల్లామె. కూరగాయల బండి ఆయనకూ, బీడీల కార్ఖానాలో ఆకు తూచి ఇచ్చే ఆయనకూ, కన్నకొడుకు పెళ్లాం అయినా అత్తగారికీ సిరిసిల్లామే. నా తల్లిగారిల్లూ ఆ వాడే, అత్తగారిల్లూ ఆ వాడే కనుక నాకు వరుసకు వదినె అయ్యేది.

పోయిన చలికాలం ఆమె పోయింది. అప్పటి నుంచి పులుసుకు చింతపండు పిసికి పిప్పి పారేయబోతుంటే నా చెయ్యి ఆగిపోతున్నది. ఆమె ఆ పిప్పి పారేసేది కాదు. అందులో ఇంత ఉప్పు కలుపుకుని వాకిట్లో గంగాళం ముందు కూర్చునేది.

నీళ్లు కాచుకునే ఇత్తడి గంగాళం అది. చంటిపిల్లను లోపల కూర్చోబెట్టి స్నానం చేయించేంత పెద్దది. అంచు కింద చుక్కలు చుక్కలుగా ఉలితో కొట్టిన పేరు ఉండేది. ఆమె మొగుడి పేరు. గంగాళమంతా భుజం నొప్పి పుట్టేటట్టు తోమేది గానీ, పేరు దగ్గరికి వచ్చేసరికి చెయ్యి మారిపోయేది. చూపుడువేలు ఒక్కటే పెట్టి, ఒక్కో అక్షరం గాడిలోకి పోనిచ్చి, పసిపిల్ల చెవి వెనక తుడిచినట్టు తుడిచేది.

"ఏందే వదినె, అన్న వీపు రుద్దుతున్నవా?" అనేదాన్ని.

కొంగు పంటి కింద పట్టుకుని నవ్వేది. "మీ అన్న వీపు దుబాయిల ఉన్నది పిల్లా. ఈడ అందినదాన్ని రుద్దుకుంట."

మొగుడి పేరు నోటితో అనేది కాదు. మా తరం వాళ్లలోనే చాలామందిమి అనేస్తాం, ఆమె మాత్రం అనలేదు. రేషన్ కార్డు కోసమో, ఓటు కోసమో ఎవరైనా వచ్చి "భర్త పేరు చెప్పమ్మా" అంటే నా కోసం కేక వేసేది. నేను ఇంట్లో లేకపోతే వాళ్లను వాకిట్లోకి తోలుకుపోయి గంగాళం చూపించేది. "గిండ్ల ఉన్నది, సదువుకోండ్రి." ఒకసారి వచ్చినాయన కళ్లద్దాలు మర్చిపోయి వచ్చి, గంగాళం ముందు గొంతుక్కూర్చుని చదవలేక ఇబ్బంది పడుతుంటే, వదినె ఏం చేసిందంటే, ముగ్గుపిండి తెచ్చి అక్షరాల్లో దూసింది. పేరు తెల్లగా లేచి వచ్చింది. ఆయన రాసుకుని, "నీ మొగుడు అదృష్టవంతుడమ్మా" అని పోయాడు.

ఇంకొక అలవాటు ఉండేది. గంగాళం మూత తీయకుండానే వేలి కణుపుతో పక్కన ఒకసారి కొట్టి, చెవి పెట్టి విని, ఎన్ని నీళ్లున్నాయో చెప్పేది. "గొంతు దాకా ఉన్నయ్." "నడుముకు దిగినయ్." నేను కొడితే నాకు అన్నీ ఒకటే మోతగా వినిపించేవి. "నీకు ఇనరాదు," అనేది. "అది మా అవ్వ గొంతు." అవ్వ అంటే మా దగ్గర తల్లి.

నిజంగానే వాళ్ల అవ్వ ఇచ్చిందది. ఇచ్చిననాడు నేనూ అక్కడే ఉన్నాను.

వాళ్ల అవ్వ సిరిసిల్లలో సాంచెలకు, అంటే బట్ట నేసే మరమగ్గాలకు, కండెలు చుట్టేది. వదినె మొదటి కాన్పుకు తల్లిగారింటికి పోయి, బిడ్డను ఎత్తుకుని తిరిగి వచ్చేటప్పుడు తల్లి తోడు వచ్చింది. బస్సులో ఒక గోనెసంచి మోసుకుని వచ్చింది. సంచి నిండా పాత రాగి బిందె, సొట్టలు పడ్డ చెంబులు, కంచు గిన్నెలు, తన సంసారం మొత్తం. పాతవి ఇస్తే తూకం వేసుకుని కొత్తవి ఇస్తారు గదా, వాటన్నింటినీ మార్చి బిడ్డకు ఒక్క గంగాళం ఇవ్వాలని వచ్చింది. అంత పెద్దది బస్సులో తేలేక కోరుట్లలోనే కొందామనుకుంది. నన్ను తోడు పిలిచారు.

గిన్నెల బజారులో పేర్లు కొట్టే భాయి ఒకాయన ఉన్నాడు. గడ్డం అప్పుడు నల్లగా ఉండేది. చిన్న ఉలి, చిన్న సుత్తి, టిక్ టిక్ అని చుక్కలు పెడుతుంటే అక్షరాలు పుట్టేవి. గంగాళం ఒళ్లోకి తీసుకుని, "ఏం పేరు గొట్టాలె అమ్మా?" అన్నాడు.

"మా అల్లుని పేరు గొట్టు భాయ్."

ఆయన ఉలి పట్టుకుని ఆగాడు. "ఇచ్చేది బేటీకి గదా. బేటీ పేరు గొట్టనా?"

"వద్దు వద్దు. పిల్ల పేరు గొడితె అత్తగారింట్ల ఏమనుకుంటరు? ఇచ్చి గుడ తనదే అనుకుంటున్నదంటరు. అల్లుని పేరే ఉండనీయ్, ఇజ్జత్ ఉంటది."

ఆ తల్లికి మర్యాద తెలుసు. కోర్టు సంగతి ఆమెకే కాదు, అప్పుడు మాలో ఎవరికీ తెలియదు. భాయి తల ఊపి కొట్టడం మొదలుపెట్టాడు. వదినె బిడ్డను భుజాన వేసుకుని, చుక్క చుక్కగా మొగుడి పేరు తయారవుతుంటే సిగ్గుపడుతూ చూసింది. తల్లి అంది, "దీంట్లనే వాయిలాకు ఏసి నీళ్లు కాగవెట్టి పోసుకో. రేపు నీ బిడ్డ కాన్పుకు గుడ నువ్వు దీంట్లనే పొయ్యాలె. నా చెయ్యి అప్పటిదాక ఉండది, ఇది ఉంటది."

బాలింతకు వావిలాకు కాచిన నీళ్లు తల్లే పోయాలి మా దగ్గర. వదినె ఆ మాట పట్టుకుంది. ఎన్నిసార్లు తోమితే అన్నిసార్లు నాకు చెప్పేది. "మా అవ్వ నాకు పోసినట్టు నేను నా బిడ్డకు గిండ్లనే పొయ్యాలె. ఆ ఒక్కటి అయితె సాలు నాకు."

మా అన్న, ఆమె మొగుడు, గల్ఫ్‌లో ఉండేవాడు. సెలవు మీద వచ్చేవాడు, పోయేవాడు. ఆయన పంపిన పైసలతో ఆమె ఇల్లు కట్టించింది. జాగా ఆయన పేరు మీద, ఇల్లు ఆయన పేరు మీద. కట్టించింది మాత్రం ఆమే. ఇసుక కుప్ప మీద కూర్చుని, ఒళ్లో చాట పెట్టుకుని, తునికాకు కత్తిరించి, పొగాకు జర్ద నింపి, దారం చుడుతూనే మేస్త్రీ చెయ్యి చూసేది. "ఓ మేస్త్రీ, గా మూల గుండ్రం పోతున్నది. నీ పెండ్లాం గాజనుకుంటివా?" బీడీల మీద వచ్చినది కూడా అందులోనే పోసింది. సిమెంటు చాలని రోజున, మెట్లకు ఇనుప రాడ్లు పెట్టిన రోజున ఆమె కార్ఖానా నుంచి నేరుగా దుకాణానికి పోవడం నేను చూశాను. సాయంత్రం బిడ్డకు నీళ్లు పోసి, అదే చేత్తో పైపు పట్టుకుని గోడలకు నీళ్లు కొట్టేది. "ఇద్దరు పిల్లలు నాకు. గీమె ఏడుస్తది, గది ఏడ్వది."

ఏదైనా చెడిపోతే, వాన వచ్చి సిమెంటు గడ్డకట్టినా, ఆకు తడిసి బీడీలు తిప్పి పంపినా, ఒకటే మాట అనేది. చేతులు ముందుకు చాపి చూసుకుని, "పోనీయ్. చేతులున్నయ్ గదా." జర్ద మరకతో ఆ వేళ్లు ఎప్పుడూ గోధుమ రంగులో ఉండేవి.

ఫోన్‌లో ఆయనకు ఇల్లంతా తిప్పి చూపించేది. "ఇగో, గిది వంటర్ర. ఇగో, గీడ నీ మంచం." ఆయన అటు నుంచి ఆఁ ఆఁ అనేవాడు. ఆమె ఆయన్ను 'ఇగో' అనేది, ఆయన ఆమెను 'ఓయ్' అనేవాడు. ఆమె అననిది ఆచారం వల్ల. ఆయనది ఏ ఆచారమో ఎవరమూ అడగలేదు.

తర్వాత ఆయన మొత్తానికి తిరిగి వచ్చేశాడు. అక్కడ పని పోయింది, నడుము పోయింది. వచ్చిన కొత్తలో తన ఇంట్లో తానే లైటు బటన్ వెతుక్కునేవాడు. మెట్ల కింద తల కొట్టుకునేవాడు. ఒకనాడు స్నానాల గదిలోంచి, "సబ్బు ఏడ ఉంటది?" అని కేకేశాడు. వదినె వాకిట్లోంచి నవ్వుతూ, "చుట్టం లెక్క అడుగుతున్నవేందయ్యా," అంది. నేను కూడా నవ్వాను. ఆయన నవ్వలేదు. తల తుడుచుకుంటూ బయటికి వచ్చి, "నా పైసలతోని ఇల్లు గట్టి నన్నే చుట్టాన్ని జేసినవ్," అన్నాడు.

అక్కడ పడింది మొదటి బీట. తర్వాత ప్రతిదీ అందులోకే పోయింది. కిటికీ ఇటెందుకు పెట్టినవ్. మెట్లు బయటికెందుకు. ఎవరినడిగి. పక్కనుంచి పెద్దవ్వ, అంటే వాళ్ల అమ్మ, "నేను చెప్పలేదా, ఇంటికి అదే పటేలమ్మ," అని అందించేది. ఒకరోజు ఇంట్లో జర్ద వాసన అని ఆయన బీడీల చాట తీసి వీధిలోకి విసిరేశాడు. ఆ వాసనే ఆ గోడలు లేపిందని ఆయనకు ఎవరు చెప్పాలి. వదినె వీధిలో కూర్చుని ఆకు ఏరుకుంటుంటే నేనూ పోయి కూర్చున్నాను. ఏడుస్తుందనుకున్నాను. చేతులు చూసుకుంది.

విడాకుల కాగితం ఆయనే వేశాడు. అప్పటికి వాళ్ల అవ్వ చనిపోయింది. జగిత్యాల కోర్టుకు వదినె వెంట నేనే పోయేదాన్ని. మొదటిరోజు బోనులో నిలబెట్టి, "భర్త పేరు?" అన్నారు. ఆమె నా వైపు చూసింది. మళ్లీ అడిగారు. మళ్లీ చూసింది. గంగాళాన్ని జగిత్యాలకు తేలేం గదా, నేనే లేచి చెప్పాను. వెనక ఎవరో నవ్వారు. విడిపోవడానికి వచ్చి కూడా పేరు అనదేందని.

మొగుడూ పెళ్లాం విడిపోతే కోర్టు ఇంటిని సగానికి పంచి ఇస్తుందని మా వాడలో అందరం అనుకునేవాళ్లం. అట్లా కాదని అక్కడ తెలిసింది. ఏది ఎవరి పేరు మీద ఉంటే అది వారిది. ఆడమనిషి తల్లిగారింటి నుంచి తెచ్చుకున్నది ఆమెది. ఆమె తిండికి, పిల్ల చదువుకు ఆయన నెలనెలా కట్టాలి. అంతే.

జడ్జి గారు మెత్తని మనిషి. "ఇంట్లో మీ కష్టార్జితం కూడా ఉందంటున్నారు. ఏమైనా ఆధారం ఉందా అమ్మా?" అని అడిగారు.

వదినె అంది, "బీడీల పైసలు సార్. ఇసుకల గలిసినయ్, సిమెంటుల గలిసినయ్. గోడను అడగాలె."

ఆయన కలం ఆపి ఆమెను కొంచెంసేపు చూశారు. చూసినదాన్ని కాగితం మీద పెట్టే దారి ఆయనకు ఉన్నట్టు లేదు. తల వంచి రాసుకున్నారు.

ఇల్లు పోయిందని తెలిసి బస్సులో వస్తూ కూడా ఆమె అన్నది అదే. "పోనీయ్. చేతులున్నయ్ గదా. గంగాళం అయితె వస్తది."

సామాను పంపకానికి కోర్టు వాళ్లు ఒక వకీలమ్మను పంపారు. వయసులో చిన్నది, ఓపిక గల పిల్ల. హాలులో బండల మీద సామానంతా పరిపించింది. బీరువా, మంచం, కుట్టుమిషను తేలిపోయాయి. గిన్నెల దగ్గర చిక్కు పడింది. ఏ గిన్నె ఎవరిదని ఎవరు చెప్తారు. వకీలమ్మే దారి చెప్పింది. పెళ్లిలో పెట్టినవాళ్ల పేర్లు గిన్నెల మీద ఉంటాయి గదా, ఏ వైపు వాళ్ల పేరుంటే ఆ వైపుకి. రెండు వైపులా ఒప్పుకున్నారు. వదినె కూడా ఊఁ అంది. ఆమె మనసు అప్పుడు గంగాళం మీద లేదేమో. లేకపోతే, అందరికీ తెలిసిన సంగతే గదా అనుకుందేమో.

వకీలమ్మ ఒక్కో గిన్నె తిప్పి పేరు చదువుతుంటే, వదినె మేనమామ అని ఒకటి ఇటు, అన్న పెద్దనాన్న అని ఒకటి అటు. పెళ్లికి వచ్చినవాళ్లందరూ మళ్లీ వచ్చి రెండు వరుసల్లో కూర్చున్నట్టయింది. మధ్యలో పేరు లేని టిఫిన్ డబ్బా ఒకటి తేలింది.

పెద్దవ్వ అంది, "పేరు లేనిది మాదే. మా ఇంట్ల ఉన్నది మాది."

వకీలమ్మ ఆమె వైపు చూసి, "గట్లయితె ఈమె గుడ ఇన్నేండ్లు మీ ఇంట్లనే ఉన్నది గదా అమ్మా, మరి ఈమెను మాది అనలేదేంది," అంది. గుమ్మం దగ్గర నిలబడ్డ వాడకట్టు నవ్వింది. టిఫిన్ వదినె వైపుకి వచ్చింది.

చివరికి వాకిట్లోకి పోయారు. గంగాళం ముందు వకీలమ్మ వంగి పేరు చదివింది. అన్న పేరు. చదివి, వదినె మొఖం చూసి, తనే మెల్లగా అడిగింది. "ఇది ఎవలిదమ్మా?"

"మా అవ్వ ఇచ్చింది."

"మీద ఉన్న పేరు ఎవలిది?"

వదినె నోరు తెరిచి మూసింది. ఆ రోజు కూడా అనలేదు.

నేను ముందుకు వచ్చాను. "కొన్ననాడు నేనున్న మేడం. వాళ్ల అవ్వనే పాతయన్ని ఇచ్చి కొన్నది. అల్లుడని ఇజ్జత్‌కు ఆయన పేరు గొట్టించింది."

"మా వాకిట్ల సాక్ష్యం చెప్పుమని నిన్నెవలు పిలిశిన్రే?" అంది పెద్దవ్వ.

వకీలమ్మ చెయ్యి అడ్డం పెట్టి ఆపింది. అన్న మెట్ల దగ్గర రాడ్ పట్టుకుని నిలబడి ఉన్నాడు. "చూడండి. పేరును బట్టి అని మీరిద్దరు ఒప్పుకున్నరు. పేరు మీది. కాని ఆమె తల్లి ఇచ్చిందని మీరు ఒక్క మాట అంటె నేను ఆమెకే రాస్త. ఏమంటరు?"

వాడంతా ఆయన నోటి వైపు చూసింది. వదినె మాత్రం చూడలేదు. ఆమె గంగాళం అంచు మీద చెయ్యి వేసి ఉంది, వేలు అలవాటుగా మొదటి అక్షరం గాడిలో ఉంది.

అన్న అన్నాడు, "నా పేరే ఉన్నది గద."

అంతే. వకీలమ్మ గంగాళాన్ని ఆయన వైపు రాసుకుంది. వదినె వేలు తీసుకుంది. కొంగుతో గంగాళం అంచు ఒకసారి తుడిచి, తన వైపు గిన్నెలు సంచిలో సర్దుకోవడానికి లోపలికి పోయింది. చేతులున్నయ్ గదా అని ఆ రోజు అనలేదు. నేను ఎదురుచూశాను.

బిడ్డను తీసుకుని సిరిసిల్ల పోయి, తల్లి ఉన్న సందులోనే ఒక గది కిరాయికి తీసుకుంది. మళ్లీ బీడీలే. నేను చూడడానికి పోయినప్పుడు పక్కింటామె, "కోరుట్లామె ఇంటికి అచ్చినవా?" అంది. నాకు అర్థం కాలేదు. వదినె నవ్వి చెప్పింది. "ఆడ సిరిసిల్లామెను, ఈడ కోరుట్లామెను. నడుమల రుద్రంగి కాడ ఏడనో బస్సులనే ఉన్నట్టున్న పిల్లా, ఇంక దిగలె."

ఆ గదిలో నీళ్లకు ప్లాస్టిక్ డ్రమ్ము ఉండేది. మాట్లాడుతూ మాట్లాడుతూ వేలి కణుపుతో దాన్ని కొట్టేది. అది ఏమీ పలికేది కాదు. ఎన్నాళ్లైనా ఆ అలవాటు పోలేదు.

బిడ్డ పెద్దదైంది, అక్కడే సాంచెల పని చేసే పిల్లగాడిని చేసుకుంది. కడుపుతో ఉందని తెలిసిన వారంలోనే వదినె కోరుట్లకు మా ఇంటికి వచ్చింది. చాయ కూడా ముట్టకుండా, "ఒక్కపారి అడుగవా," అంది. "ఇచ్చుడు గుడ వద్దు. కాన్పు అయినన్ని రోజులు ఇస్తె సాలు, మళ్ల నేనే తెచ్చి అప్పజెప్త. తోమి అప్పజెప్త."

నేను పోయాను. పెద్దవ్వ అప్పటికే చనిపోయింది. అన్న ఒక్కడే మెట్ల మీద కూర్చుని ఉన్నాడు. సంగతి చెప్తే, "ఏడున్నదో నాకెర్క లేదు," అన్నాడు. ఇంటి వెనక బోర్లేసి ఉంది. వస్తూ చూశాను. నల్లగా అయిపోయింది, పేరు కనిపించడం లేదు.

వదినెకు ఉన్నది ఉన్నట్టు చెప్పాను. కళ్లు మూసుకుంది. "బోర్లేసిండా? మంచిదే. బోర్లేస్తె చెత్త పడది," అంది. అంతే, బస్సు ఎక్కింది.

బిడ్డకు నెలలు నిండుతుంటే, వాయిలాకు కోసి తెచ్చి నీడకు ఆరబెట్టుకుంటూ, ఆ ఆకు మీదనే ఒరిగిపోయింది. గుండె అన్నారు.

నేను పోయేసరికి చివరి స్నానానికి నీళ్లు కాచుతున్నారు. ఇంట్లో అంత పెద్ద గిన్నె లేక టెంట్‌హౌస్ నుంచి బగోన తెచ్చారు. దాని మీద ఎర్ర రంగుతో టెంట్‌హౌస్ నడిపే అన్నదమ్ముల పేర్లు. ఆ నీళ్లే పోశాం. ఎవరివో ఇద్దరు మొగోళ్ల పేర్లు రాసిన గిన్నెలో నీళ్లతో ఆమె పోయింది. నేను ఆమె వేళ్లు రుద్దాను. గోధుమ మరక పోలేదు. నేనూ పోవాలని రుద్దలేదు.

దినాలు అయ్యాక కోరుట్లకు వచ్చి నేరుగా అన్న ఇంటికే పోయాను. నాలుగు మాటలు అనాలనే పోయాను. వాకిట్లో ఎవరూ లేరు. వెనకకు పోతే, ఆయన నేల మీద కూర్చుని గంగాళం తోముతున్నాడు. ముంజేతుల దాకా నలుపు. నన్ను చూసి ఆపలేదు.

"ఎంత రుద్దినా ఆమె రుద్దినట్టు అయితలేదు," అన్నాడు.

నోటి దాకా వచ్చిన మాటలు మింగి, "చింతపండుల ఉప్పు ఏసినవా?" అన్నాను.

"ఎయ్యలె."

లోపలికి పోయి ఉప్పు తెచ్చి ఇచ్చాను. ఎదురుగా కూర్చున్నాను. కొంచెం కొంచెంగా పసుపు రంగు బయటపడుతున్నది.

"ఆ రోజు ఒక్క మాట అంటె అయిపోవు గదనే. ఎందుకనకపోతివి?"

ఆయన చాలాసేపు తోమాడు. "ఇంటినిండ ఆమె చేతులే ఉన్నయ్. ఏడ జూసినా ఆమె పెట్టిన ఇటుకనే. నాది అని మెరిసింది గీ పేరు ఒక్కటే. అది గుడ పోతె నేనెవన్ని?"

"మెరిపిచ్చిన చెయ్యి పోయినంక మెరుస్తదా అన్నా?"

ఆయన ఇంకొంత ఉప్పు అద్దుకున్నాడు. పేరు దగ్గరికి వచ్చాడు. మొత్తం అరచేతితో రుద్దుతున్నాడు. ఒక వేలు పెట్టి రుద్దాలని చూపిద్దామనుకున్నాను. చెయ్యి రాలేదు.

మర్నాడు పొద్దున ఆటోలో గంగాళం పెట్టుకుని ఇద్దరం బస్టాండుకు బయలుదేరాం. గిన్నెల బజారు రాగానే ఆయన ఆటో ఆపించాడు. పేర్లు కొట్టే భాయి ఇంకా ఉన్నాడు. గడ్డం తెల్లబడింది. ఇప్పుడు ఉలి లేదు, కరెంటు మిషను. గంగాళం తిప్పి చూసి, "ఇది నా చెయ్యి," అన్నాడు. నన్ను చూశాడు, గుర్తుపట్టాడో లేదో. "ఏం గావాలె భాయ్? ఈ పేరు దీసెయ్యాల్నా? దీస్తె ఆడ పల్చగైతది, ఓటువడి కారుతది."

"తియ్యకు. కింద ఇంకో పేరు గొట్టు," అన్నాడు అన్న.

భాయి మిషను ఆన్ చేశాడు. "చెప్పు."

అన్న పెదవులు కదిలాయి. పెళ్లయిన నాటి నుంచి 'ఓయ్' తప్ప ఏమీ అనని నోరు. నా వైపు చూశాడు, కోర్టులో ఆమె చూసినట్టే. నేను చెప్పలేదు. ఆ రోజు ఆమె కోసం చెప్పాను, ఈయన కోసం చెప్పలేదు. తల తిప్పి బజారు వైపు చూస్తూ నిలబడ్డాను.

అన్నాడు. సన్నగా అన్నాడు.

"మిషను సప్పుడుల ఇనవడలె భాయ్," అన్నాడు భాయి. "జర గట్టిగ."

అప్పుడు మా అన్న, గిన్నెల బజారు నడిమధ్యలో, వదినె పేరును కేక వేసి పిలిచినట్టు అన్నాడు. పక్క దుకాణాల వాళ్లు తిరిగి చూశారు. పిలిస్తే పలికే మనిషి అయితే ఎక్కడున్నా పలికేది, అంత గట్టిగా అన్నాడు. అని, దుకాణం మెట్టు మీద కూర్చుని మొఖం మోకాళ్లలో పెట్టుకున్నాడు.

ఆ పేరు నేను ఇక్కడ చెప్పను. గంగాళం మీద ఉంది. సిరిసిల్ల పోయినవాళ్లు చూసి చదువుకోండి.

మేం సిరిసిల్ల పోయేసరికి వదినె బిడ్డ కాన్పై ఆడపిల్లను ఎత్తుకుని ఇంటికి వచ్చి ఉంది. తండ్రిని చూసింది. గంగాళం దగ్గరికి వచ్చి, కొత్త పేరు మీద చూపుడువేలు పెట్టి, ఒక్కో అక్షరం లోపలికి పోనిచ్చింది. ఎవరూ నేర్పలేదు. చూసి నేర్చుకున్నది. చాలాసేపటికి, "బాపూ, నీళ్లు నింపు," అంది.

ఆయన నింపాడు. నేను పొయ్యి అంటించి, వదినె ఆరబెట్టి పోయిన వాయిలాకు నీళ్లలో వేశాను. కాగాక, ఆమె పోయవలసిన నీళ్లు ఆమె బిడ్డకు నేను పోశాను. మధ్యలో ఒకసారి, ఎన్ని నీళ్లు మిగిలాయో చూద్దామని వేలి కణుపుతో గంగాళాన్ని కొట్టాను. పలికింది. బాగానే పలికింది. ఏమన్నదో నాకు తెలియలేదు. అది తెలిసిన మనిషి లేదు. మూత తీసి చూసుకున్నాను.

ఇగ చాయ చల్లారింది, మీరూ లేవాలి. మీ ఇంటి గిన్నెలు సొట్ట పడకుండా ఉండాలి. వాటిని తోమే చేతులు చల్లగా ఉండాలి, తోమే వాళ్ల పేర్లే వాటి మీద ఉండాలి. మీ ఇంట్లో ఎవరి పేరైనా మనిషి పలికే దూరంలో ఉండగానే పిలిచే నోరు మీ అందరికీ ఉండాలి. పోయి రండి.